ఛబ్బిసా, ఛత్తిసా

ఛబ్బిస్ అన్నాడా, ఛత్తిస్ అన్నాడా? తేడా ఒక్క అక్షరం. పెదవులు రెండూ కలిస్తే ఇరవై ఆరు, నాలుక పైపళ్ళకు తగిలితే ముప్పై ఆరు. మనిషి ఎదురుగా నిలబడి చెప్తుంటే కనీసం నోరైనా చూడొచ్చు కదమ్మా అని నిన్నటి నుంచీ అడుగుతూనే ఉంది మనకుమారి. అమ్మ మాత్రం ఏం చేస్తుంది? కబురు తెచ్చినవాడు గొడుగు మూయలేక తంటాలు పడుతూ కిందికి చూసి చెప్పాడట. నెత్తిన రేకుల మీద వాన, వాకిట్లో తడుస్తున్న పంది అరుపులు, ఒళ్ళో మనవరాలి ఏడుపు, వీటన్నిటి మధ్య అమ్మ చెవిన పడినవి మూడే ముక్కలు. ధనబహాదుర్. కాలు. ఛ-ఏదో-ఇస్. మిగిలినదానికంతా అమ్మ "అవును బాబూ, అవును" అంటూ పోయిందట. దేనికి అవునన్నావమ్మా అంటే, "పెద్దమనిషి అంత వానలో వచ్చి చెప్తుంటే కాదంటామా" అంది. పైగా అతనికి తోంగ్బా కల్లు పెట్టి, చెక్క మగ్గులో వేడినీళ్ళు రెండోసారి కూడా నింపి, అతను వెదురు గొట్టంతో పీల్చుకుంటూ ఉంటే వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగి తెలుసుకుంది. ఇప్పుడు వాళ్ళావిడ మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఇంటిల్లిపాదికీ తెలుసు. తమ్ముడు ధనబహాదుర్ కాలు ఎలా ఉందో తెలీదు. అసలు అది తమ్ముడి కాలేనా, ఇంకో ధనబహాదుర్ కాలా అన్నదీ తెలీదు. పోనీ మళ్ళీ అడుగుదామంటే ఆ మనిషి పొద్దున్నే భోజ్‌పూర్ కొండల దారి పట్టాడు. పింఛను తీసుకుంటున్న పాత సిపాయి, నడిచాడంటే ఇక గుర్రాలు కూడా అందుకోలేవు.

పరీక్ష కాగితాలు పంచడం అయిపోయింది. సైక్లోస్టైల్ సిరా వాసన ఇంకా వేళ్ళకి ఉంది. గదిలో అందరూ తలలు వంచారు. మనకుమారి వేదిక మీద కుర్చీలో కూర్చుని, కుర్చీ ఒక కాలు పొట్టి కాబట్టి అటూ ఇటూ ఊగకుండా ఒక పక్కకి బరువు వేసి, కిటికీ వైపు చూసింది. వాన మూలాన అద్దాలు వేసేశారు. అద్దం మీద నీళ్ళు పాయలు పాయలుగా జారుతున్నాయి, బయట మైదానం, దాని అవతల ధరాన్ బజారు, రేకుల కప్పులు అన్నీ కరిగి కలిసిపోయినట్టున్నాయి. మరదలు పబిత్ర ఆ మైదానం దాటే రావాలి. ఇంగ్లీషు సైన్యపు గోరాల క్యాంపు ఆఫీసు తలుపులు తీయగానే కనుక్కుని, నేరుగా ఇటు వస్తానంది. నేనే వెళ్తాను, పరీక్షకి ఇంకెవరినైనా వేయమంటాను అని మనకుమారి చెప్పులేసుకుంటే పబిత్ర అడ్డం పడింది. "వద్దు వదినా. నువ్వెళ్తే ఇంగ్లీషులో అడుగుతావు, వాళ్ళు కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఇంగ్లీషులో ఏమీ చెప్పకుండా పంపిస్తారు. నేనైతే చంకలో పిల్లనేసుకుని గుమ్మంలోనే ఏడుస్తాను. భరించలేక టక్కున చెప్పేస్తారు." ఆ మాట నిజమే. ఎమ్మే చదివినా ఆ విద్య తనకి రాలేదు.

గోడకున్న ప్రపంచ పటాన్ని పరీక్ష కోసం వెనక్కి తిప్పేశారు. తెల్లటి గుడ్డ వీపు, మధ్యలో పాత చెమ్మ మరక. ఆ మరక కూడా ఒక ఖండంలాగే ఉంది, ఏ ఖండమో చెప్పలేం. వెనక బెంచీ పక్కన రేగ్మీ సార్, రాజనీతి శాస్త్రం, కాపలాకి తోడు వచ్చిన మనిషి, దినపత్రిక విప్పి దాని వెనక మాయమయ్యాడు. పత్రిక మొదటి పేజీలో పెద్ద అక్షరాలు ఇక్కడి దాకా కనబడుతున్నాయి. యుద్ధం ముగిసింది. నిన్న సాయంత్రం లండన్ రేడియో నేపాలీ వార్తల్లోనూ అదే చెప్పారు, తెల్ల జెండాలు ఎగిరాయని. వింటూనే పబిత్ర చేతిలో గరిటె వదిలేసి చప్పట్లు కొట్టింది, చంటిది కూడా కొట్టింది, అమ్మ మాత్రం కొట్టలేదు. "జెండా ఎగిరితే కాలు అతుక్కుంటుందా" అంది. అమ్మకి చెవి సరిగా వినపడదు గానీ మాట మాత్రం ఎప్పుడూ గురి తప్పదు.

పేర్లకి కరువొచ్చిందా మన జాతికి అని మనకుమారి చాలాసార్లు అనుకుంది. తమ్ముడు కాంఛా ఉన్న పలటన్‌లో ధనబహాదుర్ రాయ్‌లు ఏడుగురున్నారు. ధనబహాదుర్ అని పిలిస్తే ఏడుగురూ "హజూర్" అంటారు, ఎవరూ పలక్కపోతే ఏడుగురికీ ఒకే చీవాట్లు. అందుకని సైన్యంలో పేరు తీసేసి సిపాయి నంబరు చివరి రెండంకెలే పేరు చేసేస్తారు. కాంఛా ఛబ్బిస్ అయ్యాడు. మొదటిసారి సెలవుకి వచ్చి ఈ సంగతి చెప్తే అమ్మకి కోపం వచ్చింది. పురిట్లో తాను పెట్టిన పేరు ఎవడో గోరా తీసేయడమేమిటని. ఆమె ఏనాడూ ఆ పేరుతో పిలిచింది లేదు, ఇంట్లో ఆఖరివాడు కాబట్టి అందరిలాగే కాంఛా అనే పిలుస్తుంది, అయినా పేరు పేరే. పబిత్రకి మాత్రం ఆ అంకె తెగ నచ్చింది. పెళ్ళైన కొత్తలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవడానికి సిగ్గుపడే పిల్ల, "ఛబ్బిస్, అన్నం తింటావా, ఛబ్బిస్, నీళ్ళు తోడనా" అని ఇల్లంతా వినపడేలా పిలిచేది. అంకె పేరు కాదు కదా, తప్పేముంది అని ఆమె వాదన. కూతురు పుట్టాక అందులో సగమని దానికి తేహ్ర అని పేరు పెట్టింది, అంటే పదమూడు. సరైన పేరు ఇంకేదో ఉంది, పురోహితుడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. పదమూడూ పదమూడూ కలిస్తే నాన్న వస్తాడు, కాబట్టి ఇంకొకటి కావాలి అని కిందటి సెలవుల్లో కాంఛా అంటే పబిత్ర చీపురు తిరగేసింది.

నవ్వొచ్చింది మనకుమారికి. పరీక్ష గదిలో కాపలా కాసేవాళ్ళు నవ్వకూడదు, రాసేవాళ్ళకి అనుమానం వస్తుంది. ముందు బెంచీలో కుర్రాడు నిజంగానే తలెత్తి, తన కాగితంలో ఏం తప్పు రాశానా అని చూసుకున్నాడు. ఆమె దగ్గింది.

కాంఛా కాళ్ళు. వెడల్పాటి పాదాలు, వేళ్ళు ఒకదానికొకటి పడనట్టు ఎడంగా ఉండేవి. పెద్దవాడయ్యాక ఏ బూటూ పట్టక సైన్యంలో వాటికోసం వేరే కొలత తీశారట. చిన్నప్పుడు తనే వాణ్ణి వెదురు బుట్టలో కూర్చోబెట్టి, బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని కొండమీది దంతకాళి గుడికి మోసుకెళ్ళేది. బుట్టలోంచి రెండు పాదాలూ బయటికి వేలాడుతూ తన వీపుని డప్పులా వాయించేవి. ఆ తర్వాత సైన్యంలో ఎంపికకి అదే బుట్ట నిండా రాళ్ళు వేసుకుని అదే కొండ పరుగెత్తాడు. చివరి మలుపు దగ్గర తను నిమ్మకాయ ముక్క పట్టుకుని నిలబడింది, వాడు నిమ్మకాయ తీసుకోకుండా "అక్కా, బుట్టలో నిన్ను కూర్చోబెట్టుకున్నా ఇంతే బరువుండేది, ఊరికే రాళ్ళు వేశారు" అని రొప్పుతూనే వేళాకోళం చేసి వెళ్ళిపోయాడు. ఆ కాలు. ఏ కాలు, కుడా, ఎడమా? ఎంత దెబ్బ? గీరుకుందా, విరిగిందా, అసలు... ఆ తర్వాతి మాటని ఆమె మనసులో కూడా పూర్తిచేయలేదు. బల్ల మీదున్న సుద్దముక్కల్ని పొడవు ప్రకారం వరసగా పేర్చింది.

ఫాక్లాండ్ అన్న పేరు, ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ళు దానికోసం యుద్ధానికి దిగేదాకా, తను మాత్రం ఎన్నిసార్లు పలికింది? భూగోళం పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇన్నేళ్ళయినా రెండు మూడుసార్లకి మించి ఉండదు. గొర్రెలు, గాలి, బురదనేల, అంతే రాసుంది పుస్తకంలో. రేడియోలో వార్త వచ్చిన మర్నాడు క్లాసంతా పటం మీద పడి వెతికింది. దక్షిణ అమెరికా కొస దాకా వేలుపెట్టి దిగారు, అక్కడినుంచి కుడివైపు జరిగారు, జరిగితే అక్కడ కొలబద్ద పెట్టె ఉంది. ఒక అంగుళానికి ఎన్ని మైళ్ళు అని అచ్చువేసిన పెట్టె. మేడమ్, ఎక్కడా అంటే, దీని కిందే ఉన్నాయర్రా, పటం వేసినవాళ్ళు అక్కడ ఎవరికీ పనుండదనుకున్నారు అని చెప్పాల్సి వచ్చింది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నవ్వుగా ఇంద్రమాయ లేచివచ్చి, తన నుదుటి మీది ఎర్రబొట్టు బిళ్ళ తీసి ఆ కొలబద్ద పెట్టె మీద అతికించింది. "ఇక్కడా మేడమ్?" "కొంచెం పైకి." బిళ్ళని గోటితో పైకి జరిపింది. ఆ రోజు నుంచి పాఠం ఏదైనా, పటం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇద్దరి కళ్ళూ ముందు ఆ బొట్టు మీదే పడేవి. ఎందుకంటే ఇంద్రమాయ అన్న కూడా కాంఛాని యుద్ధానికి తీసుకెళ్ళిన ఓడలోనే ఉన్నాడు. అతని పేరూ ధనబహాదుర్ రాయే. అతనే ఛత్తిస్.

అదిగో, మూడో వరసలో, గోడ పక్కన. రెండు జడలూ కలిపి వెనక ముడేసుకుంది, చెప్పులు విప్పి బెంచీ కిందికి తోసింది, తల వంచి ఏదో రాసేస్తోంది. దానికేం తెలుసు పాపం. పొద్దున్న గేటు దగ్గర కనబడి "నమస్తే మేడమ్, ప్రశ్నలు తేలిగ్గా ఇచ్చారా" అని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నిన్న వానలో వచ్చినవాడి సంగతి చెప్పాలా వద్దా అని మనకుమారి నోరు తెరిచి, "వాచీ తెచ్చుకున్నావా" అని మాత్రం అంది. పరీక్ష రాయబోయే పిల్లకి చెప్పే మాటా అది? అదీకాక ఏమని చెప్పాలి? మీ అన్నో మా తమ్ముడో ఎవరో ఒకరి కాలు, ఎవరిదో సాయంత్రానికి తేలుతుంది అనా?

"మేడమ్, ఇంకో కాగితం."

ఇంద్రమాయే. అప్పుడే ఇంకో కాగితమా? బాగా చదివినట్టుంది. మనకుమారి కాగితం తీసుకెళ్ళి ఇచ్చింది. పిల్ల అందుకుని, ఏదో అడగబోయినట్టు ముఖం పైకెత్తింది. "ఏంటి?" "దారం కూడా మేడమ్, కుట్టుకోడానికి." దారం ఇచ్చింది. వెనక్కి వస్తూ నాలుగో ప్రశ్న వైపు ఒకసారి చూసింది, తను ఇచ్చిన ప్రశ్నే అయినా. మనకు ఎండాకాలమైనపుడు భూమి దక్షిణ భాగమున చలికాలమగుటకు కారణమేమి? బొమ్మ గీసి వివరింపుము. ఇది ప్రతి ఏడూ ఇచ్చేదే. ప్రతి ఏడూ క్లాసులో అందరికంటే పొడుగువాణ్ణి సూర్యుణ్ణి చేసి మధ్యలో నిలబెడుతుంది, ఒకరిని భూమిని చేసి చుట్టూ తిప్పుతుంది. ఈ ఏడు భూమి ఇంద్రమాయ. ఒక పక్కకి వొరిగే నడవాలి, ఎటు తిరిగినా ఆ వొంపు మారకూడదు అంటే, ఆ పిల్ల జడలో పెన్సిలు నిలువుగా గుచ్చుకుని, బిందె మోస్తున్నట్టు నడుము వంచి, సూర్యుడి చుట్టూ తిరిగింది. సూర్యుడికి సిగ్గు ముంచుకొచ్చి చెవులదాకా ఎరుపెక్కాడు. నవ్వి నవ్వి పాఠం ఎవరికీ మరపురాకుండా అయిపోయింది. తల సూర్యుడి వైపు వాలితే మనకి ఎండ, అదే సమయానికి పాదాల దగ్గర చలి. పాదాల దగ్గర ఎవరున్నారు మేడమ్ అని ఎవరో అడిగితే, "మా అన్న, మేడమ్ వాళ్ళ తమ్ముడు" అంది భూమి, ఇంకా వొరిగే నిలబడి.

ఆ పాఠమే ఇంట్లో అమ్మకి చెప్పబోతే ఏమైంది? అమ్మ దృష్టిలో ప్రపంచంలో యుద్ధం జరిగే చోటు ఒక్కటే, బర్మా. నాన్న అక్కడికే వెళ్ళాడు, అక్కడినుంచే భుజంలో చిన్న ఇనపముక్కతో తిరిగొచ్చాడు, ఆయన పింఛనుతోనే మనకుమారి కాఠ్మాండూలో చదివింది. కాబట్టి కొడుకు ఎక్కడ ఉన్నా "బర్మాలో తిండి ఎలా ఉందట" అనే అడుగుతుంది. ఇలా కాదని ఒక ఆదివారం మనకుమారి అటక మీంచి గుమ్మడికాయ దించి, బొగ్గుతో గీతలు గీసింది. ఇదిగో మనం, ఇదిగో సముద్రం, ఇదిగో ఇక్కడ, అడుగున, కాయ నేలకి ఆనే చోట, కాంఛా. ఇక్కడ ఎండ పడదు, అందుకని అక్కడిప్పుడు మంచు. అమ్మ శ్రద్ధగా విని, కాయని తలకిందులు చేసి చూసింది. "ఇంత అడుగున ఎవరుంటారే?" "కొంతమంది మనుషులు, బోలెడు గొర్రెలు." "గొర్రెల కోసమా ఇంత?" "గొర్రెల కోసం కాదమ్మా, అది మాదంటే మాదని." "మరి మనవాళ్ళెందుకు? మనదని మనమేం అనలేదుగా."  మర్నాడు క్యాంపస్ నుంచి వచ్చేసరికి గుమ్మడికాయ కూర వండేసింది. "అడుగు భాగం పాడైనట్టుంది, కోసి పందికి వేశాను. పైదంతా బాగుంది, తిను నానీ" అంది. పబిత్ర నవ్వలేక అన్నం పళ్ళెం పట్టుకుని వాకిట్లోకి పారిపోయింది.

కానీ అదే అమ్మ, రేడియోలో అవతలి పక్క సైన్యంలో బడి వదిలి వచ్చిన పిల్లలు చలికి వణుకుతున్నారని చెప్పిన రోజు, చేస్తున్న పని ఆపి, "వాళ్ళ అమ్మలు సాక్సులు అల్లలేదా" అని అడిగింది. అమ్మ ప్రతి సెలవుకీ కాంఛాకి సాక్సులు అల్లుతుంది. గొర్రె ఉన్నితో, మోకాళ్ళ దాకా, దుప్పటంత మందం. వాడు బూటులో పట్టవే అమ్మా అంటాడు, అయినా పట్టుకెళ్తాడు. కిందటిసారి అడుగున జారకుండా ఉండాలని అమ్మ మెత్తగా నున్నగా అల్లిక మార్చింది, ఆ తర్కం ఏమిటో అమ్మకే తెలియాలి. పెట్టెలో సర్దుతుంటే ఎక్కడైనా పనికొస్తాయిలే, అంది. ఎండాకాలం వస్తుంటే ఉన్ని సాక్సులు ఎందుకని భూగోళం ఎమ్మే చదివిన తను కూడా వేళాకోళం చేసింది. 

రేగ్మీ సార్ పత్రిక మడిచి వేదిక దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఏమైనా తెలిసిందా మిస్?" లేదని తల ఊపింది. ఈయనతో రోజూ టీ దగ్గర తగువు. ఎవరి పొలం గట్టు తగాదాకో మనవాళ్ళు కత్తి పట్టుకుని పోవడమేమిటి, ఇంగ్లీషువాడు పిలిస్తే చాలు అంటాడు. పొలం గట్టు మీద పుట్టినవాళ్ళకి కాగితం ఉద్యోగాలు మీ పెద్దకులాలవాళ్ళు వదిలిపెట్టారా, వదిలితే మావాళ్ళు అంతదూరం పోయేవాళ్ళా అని తను అంటుంది. ఇద్దరూ చెరో సమోసా తిని పంచాయితీ మర్నాటికి వాయిదా వేస్తారు. ఈ రోజు ఆయన తగువు పెట్టుకోలేదు. "మా ఆవిడ పొద్దున దంతకాళికి దీపం పెట్టింది. ఏ అంకెకి అని చెప్పలేదు, ఊరికే పెట్టింది" అన్నాడు, ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకుంటూ. "మీరు దేవుణ్ణి నమ్మరు కదా సార్." "నేను నమ్మను. వత్తులు మాత్రం నేనే కొనుక్కొచ్చా." వెళ్ళి మళ్ళీ పత్రిక వెనక దాక్కున్నాడు. ఆ పత్రికలోనే నాలుగు రోజుల కింద, గోర్ఖాల ఖుక్రీ కత్తి పేరు వింటేనే శత్రువులు పారిపోతున్నారని రాశారు. కాంఛా ఖుక్రీతో చేసిన ఘనకార్యం తమ ఇంట్లో ఒక్కటే, బంగాళాదుంపల తొక్క తీయడం. అదీ సగం దుంప తొక్కతో పోయేది.

ఏ అంకెకి అని చెప్పలేదు. ఆ మాట తనని గుచ్చింది. ఎందుకంటే తను చెప్పింది. పొద్దున గుడి వైపు కొండకి తిరిగి, చెప్పులు విప్పి, చేతులు జోడించి, అమ్మా, ఆ కాలు ఛత్తిస్‌ది కావాలి అనుకుంది. అచ్చం అలాగే, అంకెతో సహా. బజారులో కూరగాయలు ఏరుకున్నట్టు. ఆ తర్వాత పావుగంటకే గేటు దగ్గర ఛత్తిస్ చెల్లెలు పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఇప్పుడు మొక్కు మార్చుకుందామంటే నాలుక తిరగదు. ఛబ్బిస్ కావాలని ఏ అక్క మొక్కుతుంది? రెండూ కాకూడదు అని మొక్కుదామంటే, కాలు ఒకటి ఎక్కడో దెబ్బ తినే ఉంది, అది ఎవరిదో ఒకరిది కాక తప్పదు. ఏడుగురు ధనబహాదుర్‌లలో ధరాన్ వాళ్ళు వీళ్ళిద్దరే. ఈ ఎత్తున కూర్చుంటే అందరి తలలూ కనబడతాయి. ఇంద్రమాయ పాపిడి తిన్నగా, తెల్లగా, దువ్వెన మొనతో తీసినట్టుంది. కబురు వాళ్ళదే అయితే ఎవరు చెప్పాలి? తనే. గంట కొట్టాక చెప్పాలి, కాగితం లాక్కున్నాక, చెయ్యి పట్టుకుని చెప్పాలి. ఆ చెయ్యి పట్టుకుంటున్నప్పుడు తన ముఖంలో సంతోషం కనబడకుండా ఎలా? ఆడవాళ్ళ కళ్ళకి అలాంటివి దాగవు.

"మేడమ్, ఇంకో కాగితం."

మళ్ళీ! "ఏం రాస్తున్నావే, మహాభారతమా?" పిల్ల నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. మళ్ళీ ముఖం పైకెత్తి, మళ్ళీ ఏదో అడగబోయి, "వాన తగ్గిందా మేడమ్" అంది. తనూ కిటికీ వైపే చూస్తోంది. జవాబు ఆలోచించేవాళ్ళంతా కిటికీలోంచే చూస్తారు, అక్కడేదో రాసున్నట్టు. మనకుమారి కూడా చూసింది.

మైదానంలో ఎర్రటి గొడుగు.

గొడుగు పరిగెత్తడం లేదు, నడుస్తోంది. పరిగెత్తకపోతే మంచిదా చెడ్డదా? చంకలో తేహ్ర, వానలోకి చెయ్యి చాపి నీళ్ళు పట్టుకుంటోంది. గొడుగు గుంటని చుట్టి వచ్చింది. ఏ దుఃఖమూ లేనివాళ్ళే గుంటలు చూసి నడుస్తారు, కాదు, పిల్లని ఎత్తుకున్నవాళ్ళు ఎప్పుడైనా చూసే నడుస్తారు. కిటికీ దగ్గరికి వచ్చింది. అద్దం మీద నీటి పాయల వెనక పబిత్ర ముఖం ముక్కలు ముక్కలుగా ఉంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలీదు. అరచేత్తో అద్దం తుడిచింది. తడి బయట ఉంటే లోపల ఆవిరి, మనకుమారి ఎప్పుడు వేదిక దిగిందో, ఎప్పుడు చీర చెంగుతో లోపలి వైపు తుడిచిందో ఆమెకే తెలీదు. పబిత్ర నోరు తెరిచి ఒకే ఒక్క మాట అంది. మాట వినబడలేదు. నోరు కనబడింది.

పెదవులు రెండూ కలిశాయి.

కుర్చీ చాలా దూరంలో ఉంది. మనకుమారి కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. ఛబ్బిస్. మనవాడే. కాంఛాయే. కానీ ఈ పిల్ల ఎందుకు నవ్వుతోంది? నవ్వే, స్పష్టంగా, గొడుగు ఊగిపోయేంత నవ్వు. అద్దం తీసింది. వాన జల్లుతోపాటు పబిత్ర గొంతు లోపల పడింది.

"వదినా! చీలమండ! ఊరికే చీలమండ విరిగింది! దీవిలో అడుగే పెట్టలేదంట!"

"అరవకే, పరీక్ష. ఎలా?"

"ఆ ఓడ మామూలుది కాదంట, దొరలు షికారు తిరిగేదంట. అందులో డాన్సులాడే గది ఉందంట, అద్దంలాంటి నేల. అక్కడ కవాతు పెట్టారంట. ఛబ్బిస్‌కి బూట్లు వొరుసుకుని పుండ్లు లేచాయని అత్తయ్య సాక్సులతోనే వెళ్ళాడంట. 'లెఫ్ట్ రైట్' అన్నారు, ఛబ్బిస్ లెఫ్ట్‌లోనే జారుకుంటూ వెళ్ళిపోయాడు, ఆ చివరిదాకా! పియానోకి తగిలి ఆగాడంట. క్యాంపు హవల్దారు చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. పలటన్ అంతా యుద్ధానికి దిగితే, మన ఛబ్బిస్ ఓడ ఆసుపత్రిలో పడుకుని జెల్లీ తింటున్నాడు! నిన్న ఆ ముసలాయన చెప్పింది ఇదేనంట. కంగారుపడకండి, కథ చెప్పనా అంటే, అత్తయ్య అవునంది, చెప్పాడు, అవునంది!"

సాక్సులు. నున్నటి అడుగు. ఆ అల్లికలో ఉన్న తర్కం ఇప్పుడు తేలింది. మనకుమారి నవ్వు ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది, లాభం లేకపోయింది, నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చేశాయి. గదిలో కలాలన్నీ ఆగిపోయాయి. రేగ్మీ సార్ పత్రిక దించి, "రాయండి, రాయండి, ఇది సిలబస్‌లో లేదు" అన్నాడు, తనే అందరికంటే ముందు చెవి ఇటు పెట్టి.

అప్పుడు చూసింది ఇంద్రమాయని. పిల్ల తల బల్ల మీద పెట్టేసుకుంది. వీపు కదులుతోంది. ఏమైందో అని గబగబా వెళ్ళి భుజం మీద చెయ్యేసింది. "ఏమే, ఒంట్లో బాగాలేదా?"

తల ఎత్తకుండానే ఇంద్రమాయ అంది, "నాకూ కనబడింది మేడమ్. ఆవిడ పెదవులు."

"నీకెలా..."

"నిన్న ఆ ముసలాయన దారి తప్పి ముందు మా ఇంటికే వచ్చాడు. వాకిట్లోంచే అరిచి వెళ్ళిపోయాడు. ధనబహాదుర్ కాలు అన్నాడు. మా అమ్మ ఛత్తిస్ అంటుంది, మా పిన్ని ఛబ్బిస్ అంటుంది. ఇద్దరికీ తగువు. మీకు తెలిసిందేమో అడుగుదామని పిలిచాను, రెండుసార్లు. నోరు రాలేదు. మీరేమో హాయిగా నవ్వుకుంటూ కూర్చున్నారు, మీకేం తెలీదనుకున్నాను."

మనకుమారి కళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి. అడిగి పుచ్చుకున్న కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి, అంచులు కలిపి, దారం పెట్టి ఉన్నాయి. రెండూ తెల్లగానే ఉన్నాయి.

"క్షమించండి మేడమ్." ఇప్పుడు ముఖం ఎత్తింది, ముక్కంతా ఎర్రగా. "పొద్దున దంతకాళి దగ్గర మొక్కుకున్నాను. ఛబ్బిస్ కావాలని. అంకె చెప్పి మరీ మొక్కుకున్నాను."

ఎంత హాయిగా ఉందో ఆ మాట. మనకుమారి ఆ పిల్ల పక్కన బెంచీ మీద, ఉన్న కాస్త చోటులోనే, కూర్చుండిపోయింది. "నేనూ మొక్కుకున్నానే. ఛత్తిస్ అని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మరి?" అంది ఇంద్రమాయ.

"మరేముంది, మీ ఇల్లు గుడి పక్కనే. నీ మొక్కే ముందు అందింది. మేం బజారులో ఉంటాం, మా మాట కొండ ఎక్కేసరికి ఆలస్యమైంది."

పిల్లకి నవ్వొచ్చింది. ఈసారి సగంలో ఆగలేదు, పళ్ళన్నీ కనబడేదాకా వచ్చింది. కిటికీ దగ్గర పబిత్ర తేహ్ర చేత నమస్తే పెట్టిస్తూ, "వాళ్ళ ఛత్తిస్ కూడా బాగానే ఉన్నాడంట, అదీ కనుక్కున్నాను, చలికి ముక్కు కారుతోందంట అంతే" అని లోపలికి కేకేసింది. అమ్మకి ముందుగా చెప్పాలని గొడుగు తిరిగి మైదానంలో పడింది, ఈసారి గుంటలు చూసుకోకుండా. అమ్మ వింటుంది, అవును బాబూ అంటుంది, ఆ తర్వాత ఉన్ని బుట్ట తీస్తుంది.

మనకుమారి లేచి చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. కంటి కొసలు తుడుచుకుంది. ఇంద్రమాయ నాలుగో ప్రశ్నకి గీసిన బొమ్మ వైపు ఒక్క చూపు చూసింది, చూడకూడదు గానీ చూసింది. భూమి చక్కగా వొరిగే ఉంది, జడలో పెన్సిలు గుచ్చుకున్నట్టు. సూర్యుణ్ణి మాత్రం అసలు పెట్టనే లేదు.

"ఇంకా టైముంది," అంది, పాఠం చెప్పే గొంతుతో. "ముక్కు తుడుచుకుని రాయి. అడిగి తీసుకున్న కాగితాలు తెల్లగా తిరిగిస్తే నేను ఊరుకోను."